గేటు మీద శుభవార్త

శనివారం ఉదయం పాస్టరు గారు వేసుకున్న పథకం నిజానికి చాలా చిన్నది: గేటుకు ఒక బోర్డు తగిలించడం. ఆయన ఇంటి ముందుగదే చర్చి. ఇరవై రెండేళ్ళుగా అందులో అదే పదకొండు మంది విశ్వాసులు. కొత్త మనిషి కాదు కదా, కొత్త ఈగ కూడా వాలలేదు. ఆదివారం బిషప్పు గారు స్వయంగా వస్తున్నారు. బయటివాళ్ళు ఒక్కరైనా కనబడకపోతే గదికి తాళం వేసి, ఆ పదకొండు మందినీ పెద్ద చర్చిలో కలిపేస్తామని ముందే ఉత్తరం రాశారు. తాళం మాట తలుచుకుంటే పాస్టరు గారికి ముద్ద దిగడం లేదు.

"'పాస్టరు గారింట సువార్త. ఆదివారం పదింటికి. అందరూ రండి.' ఇంతే రాయి బాబూ," అని పెయింటరుకు ఫోన్లో చెప్పారు.

అడక్కుండానే ఎదుటివాళ్ళ తప్పులు దిద్దడం పెయింటరుకు వెన్నతో పెట్టిన విద్య. 'సువార్త' అని వినగానే, పాపం పెద్దాయనకు పళ్ళు కదిలినట్టున్నాయనుకుని, ఎర్రరంగుతో 'శుభవార్త' అని రాసి గేటుకు తగిలించి పోయాడు. పాస్టరు గారు పొద్దస్తమానం ప్రసంగం రాసుకుంటూ గడప దాటలేదు.

బోర్డును ముందుగా చూసింది ఎదురింటి టైలరమ్మ. ఒక ఇంట్లో శుభవార్త అంటే ఏమిటో ఆవిడకు ఒకరు చెప్పాలా? పైగా పాస్టరమ్మ గారు కడుపులో తిప్పుతోందంటూ రెండు రోజులుగా సోడా తాగుతున్నారు. టైలరమ్మ తిన్నగా కిటికీ దగ్గరికి వచ్చేసింది.

"పాస్టరు గారూ, బోర్డు చూశానండీ. నిజమేనా?"

బయటి మనిషి ఒకరు తనంతట తాను వచ్చి అడగడం ఆయనకు ఇదే మొదలు. ఆనందంతో కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచారు.

"నిజమేనమ్మా!"

"ఈ వయసులోనా?"

"దీనికి వయసుతో పనేముంది? ఇరవై రెండేళ్ళుగా మోకాళ్ళ మీద ప్రార్థిస్తున్నాం."

"అయ్యో! అమ్మగారికి ఓపికుంటుందా?"

"ఆవిడ ఊరికే కూర్చుంటే చాలు. అంతా నేనే చూసుకుంటా. మీరూ కోరుకోండమ్మా, మీ ఇంటికీ వస్తుంది."

"వద్దు బాబోయ్! నాకిప్పటికే ముగ్గురు!" అని టైలరమ్మ పరుగు తీసింది.

ఏ ముగ్గురో పాస్టరు గారికి ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. టైలరమ్మ నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది.

ఆదివారం పదింటికి గదిలో కాలు పెట్టే సందు లేదు. ఆస్పత్రి నర్సు పాస్టరమ్మ చేతిలోని పాటల పుస్తకాలు లాక్కుని, "మీరు బరువులెత్తకూడదు," అని కసిరింది. ఇద్దరు మనుషులు ఒక ఉయ్యాల మోసుకొచ్చి ప్రసంగం బల్ల ముందు దింపారు. కానుకేమోననుకుని పాస్టరు గారు దానికి ప్రార్థన కూడా చేశారు. బిషప్పు గారు కళ్ళు నులుముకున్నారు.

"ఇంతమందిని ఎలా పిలిచారయ్యా?"

"ఒక్క మాటతోనండీ!"

అంతలో టైలరమ్మ చిన్న ఉన్ని టోపీ ఒకటి పాస్టరమ్మ చేతిలో పెట్టింది. "ఎన్నో నెలమ్మా?"

"నెలేమిటి? నాకు యాభై నాలుగో ఏడు!"

పాస్టరమ్మ తెల్లమొహం వేసుకుని గేటు దాకా వెళ్ళి, బోర్డు చదివి వచ్చారు. ముందు పగలబడి నవ్వారు. తర్వాత టోపీని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేశారు.

"మాకు పిల్లలు కలగలేదమ్మా," అన్నారు.

బిషప్పు గారి మొహం ఎర్రబడింది. "అబద్ధం చెప్పి రప్పించారా?"

"పొరపాటు జరిగిందండీ," అన్నారు పాస్టరు గారు తల వంచుకుని. "అయినా వీళ్ళు వాక్యం కోసం వచ్చినవాళ్ళు కారు. వీళ్ళని చూసి ఆగొద్దు. తాళం వేసెయ్యండి."

"ఏం తాళం?" అంది టైలరమ్మ. పాస్టరమ్మ సంగతంతా చెప్పి, కళ్ళు తుడుచుకున్నారు.

"తప్పు మాదేనమ్మా. ఈ వీధిలో ఎంతమంది పిల్లలు పుట్టారో! ఒక్కరినీ చూడ్డానికి మేం రాలేదు. మిమ్మల్ని రమ్మనడమే గానీ, మీ ఇంటికి రావడం మాకు తెలియలేదు," అన్నారు పాస్టరమ్మ.

టైలరమ్మ బిషప్పు గారి వైపు తిరిగింది. "తాళం గీళం కుదరదండీ. వచ్చే వారం నేనొస్తా."

"మీకు విశ్వాసం ఉందా?"

"ఇంకా లేదు. మీ దేవుడి సంగతి నిదానంగా చూద్దాం. ముందు నాకు ఈవిడతో బోలెడు మాటలున్నాయి," అని కుర్చీ పాస్టరమ్మ పక్కకు లాక్కుంది. నర్సూ లాక్కుంది. తక్కినవాళ్ళూ చుట్టూ చేరారు.

మధ్యాహ్నం దాటినా ఎవరూ కదల్లేదు. బిషప్పు గారు తాళం మాట మళ్ళీ ఎత్తలేదు.

ప్రసంగం మాటైతే అసలెవరూ ఎత్తలేదు.