ఆందోళన: ఎనభై ఎనిమిది

మనిషంటే ఐదు అంకెలు, అంతకుమించి మరేమీ కాదని నగర బస్సుల సంస్థ ఒక్క ఉత్తర్వుతో తేల్చేసింది. కొత్తదనం, శ్రద్ధ, కలివిడితనం, మెత్తదనం, ఆందోళన... ఒక్కోదానికి వందకు మార్కులు వేస్తే మనిషి మొత్తం ఒక కాగితంలో సర్దుకుంటాడట. (సర్దుకోగా మిగిలింది వెనకవైపు రాయరాదని కింద చిన్న అక్షరాల్లో ఉంది.)

డిపోలో బ్రేకులు తనిఖీ చేసే పెద్దాయన్ని అందరూ ‘మరోసారి’ అనేవారు. ఇరవై రెండేళ్లుగా ఆయన ప్రతి బండి కిందికీ దూరి చూసి, బయటికొచ్చి చేతులు తుడుచుకుని, “ఎందుకైనా మంచిది, మరోసారి” అంటూ మళ్లీ దూరేవాడు.

స్వభావ గణన అధికారిణి ఆయన్ని కూర్చోబెట్టి అడిగింది.

“ఏదో కీడు జరుగుతుందని తరచూ అనిపిస్తుందా?”

“బ్రేకులు చూసేవాణ్ణి. అనిపించకపోతే ఎలాగమ్మా?”

“అవునా, కాదా? రెండే గడులున్నాయి.”

“అవుననే రాసుకోండి.”

ఆందోళనలో ఎనభై ఎనిమిది వచ్చింది. ఇంత కంగారు మనిషి బాధ్యత గల పనికి తగడని పోయిన వస్తువుల గదికి మార్చారు. ఆయన చోటికి పార్శిల్ కౌంటర్ నుంచి ‘నిశ్చింత’ వచ్చాడు. ఇతగాడికి ఆందోళనలో మూడు. (పరీక్ష మధ్యలో కునుకు పట్టకపోతే సున్నా కూడా వచ్చేదని అధికారిణి అభిప్రాయం.)

“తొమ్మిదో నంబరు బండి పెడల్ మెత్తగా దిగుతోంది తమ్ముడూ. ఇవాళే విప్పి చూడు,” అన్నాడు ‘మరోసారి’, పని అప్పగిస్తూ.

“నీదంతా చాదస్తం అన్నా. బండి ఆగుతోందా, లేదా?”

“ఇప్పటికైతే ఆగుతోంది.”

“మరింకేం!”

ఆ రోజు ఇంట్లో ఆయనకు అన్నం సయించలేదు.

“ఇక మీ పని కాదుగా, వదిలేయండి,” అంది భార్య.

“పని పోయింది గానీ, కళ్లతో చూసింది పోదు కదే.”

మేనేజరుకు ఉత్తరం రాశాడు. మేనేజరు దాన్ని శ్రద్ధగా చదివి స్వభావ విభాగానికి పంపాడు. మార్కు తొంభై ఒకటికి పెరిగింది. రెండో ఉత్తరంతో తొంభై ఐదయింది. మర్నాడు పొద్దున్నే ఆయన ఉత్తరాలు మానేసి, గేటు దగ్గర తొమ్మిదో నంబరు బండికి అడ్డంగా నిలబడ్డాడు. కాపలావాళ్లిద్దరు రెక్కలు పట్టి పక్కకు లాగేశారు.

మార్కెట్ వాలులో బండి ఆగలేదు. గోడ ఆపింది. నలభై ఒక్కమంది ఆసుపత్రి పాలయ్యారు. కబురు విన్న నిశ్చింత టీ పూర్తిగా తాగి గానీ లేవలేదు. (ఒత్తిడిలో నిలకడ చూపినందుకు అతగాడికి ప్రశంసాపత్రం అందింది.)

‘మరోసారి’ ఆసుపత్రికి పరిగెత్తాడు. చేతికి కట్టుతో ఒక పెద్దావిడ మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడకు మంచినీళ్ల గ్లాసు అందించాడు.

“మళ్లీ బస్సెక్కాలంటే గుండె దడదడలాడుతోంది నాయనా,” అందావిడ.

గణన కాగితాలతో మంచం మంచానికీ తిరుగుతున్న అధికారిణి ఆ మాట రాసుకుంది.

వారంలో విచారణ నివేదిక వచ్చింది. బ్రేకుల్లో లోపమేమీ ఎత్తి చూపలేదు. ఆ బండిలోని ప్రయాణికులందరికీ ఆందోళన అరవై దాటిందనీ, అలాంటి స్వభావం గలవారికి టికెట్ ఇవ్వడమే సంస్థ చేసిన పొరపాటనీ అందులో ఉంది.