విరిగిన కర్ర బదులు జోగినాయుడు

అమ్మిన గోల్ఫ్ కర్ర విరిగిపోయినందున, దాని స్థానంలో వెంటనే చేరవలసిందిగా గేదెల జోగినాయుడికి సోమవారం ఉదయం తాఖీదు వచ్చింది. తాఖీదు తెచ్చిన ప్రత్యామ్నాయ విభాగం ఇన్‌స్పెక్టరు రోజారమణి గుమ్మంలో చెప్పులు విడిచి, మంచినీళ్ళు అడిగి తాగి, సోఫాలో కూర్చుంది. విశాఖపట్నంలో ఇదేమీ వింత కాదు. పాత ఫ్రిజ్ అమ్మిన ఎదురింటి మాస్టారు కిందటి వేసవి నుంచీ గాజువాకలో ఎవరింట్లోనో, ఒళ్ళో పాలగిన్నె పెట్టుకుని చల్లగా కూర్చునే ఉన్నాడు.

జోగినాయుడు కంగారు పడలేదు. ఓడరేవు దగ్గర ఒక సరుకు రవాణా కంపెనీలో ఆయన కొనుగోళ్ళ మేనేజరు. లోపమున్న సరుకును తిప్పి పంపడమే ఆయన ఉద్యోగం. వీళ్ళు తన మీద నేరం ఎలా రుజువు చేస్తారో చూద్దామన్న కుతూహలం మాత్రం కలిగింది.

చట్టం సులువైనదే. షాపులో కొన్నది విరిగితే షాపు చూసుకుంటుంది. మనిషి దగ్గర మనిషి కొన్నది విరిగితే ఒకటే ప్రశ్న: అమ్మినవాడికి లోపం తెలుసా? తెలియకపోతే కొన్నవాడి ఖర్మ. తెలిసీ దాచితే ఇక అమ్మినవాడే ఆ వస్తువు.

"దెబ్బలేమైనా తగిలాయా అని డాక్టరు శ్రీకర్ గారు కొనేముందు మిమ్మల్ని అడిగారంట కదండీ?"

"అడిగాడు. లేదన్నాను. పాత కర్ర మేడమ్. పాతవి ఇరుగుతాయి. దానికి నేనేటి చేస్తాను?"

రోజారమణి సంచిలోంచి రెండు ముక్కలు తీసి టీపాయ్ మీద పెట్టింది. ఒకటి పొడుగాటి కాడ. రెండోది బంతిని కొట్టే తల. మెడ దగ్గర విరిగింది. విరిగిన చోట నల్లటేపు చుట్టి ఉంది. ఆమె టేపు విప్పి, చిన్న పట్టకారుతో పగుల్లోంచి ఒక పోగు లాగింది.

"ఇదేంటో చెప్పగలరా?"

"దారమేమో."

"కొబ్బరిపీచు. డాక్టరుగారు ఆడే గోల్ఫ్ మైదానమంతా తిరిగొచ్చాను. ఒక్క కొబ్బరిచెట్టు లేదు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య ఇందుమతి చప్పున అందుకుంది. "దసరాకి ఆయుధపూజలో దీంతోనే కదండీ కాయ కొట్టారు! ఠక్కుమంది కూడా. ఏటి ఆ చప్పుడంటే కాయది అన్నారు."

మొగుణ్ణి పట్టివ్వాలని ఆమె ఉద్దేశం కాదు. తెలిసిన జవాబు ఆమె నోట్లో ఆగదు, అంతే. జోగినాయుడికి మేనేజరు పదవి గోల్ఫ్ మైదానంలో, పెద్దసారు పక్కన నడుస్తుండగా వచ్చింది. అందుకే దసరాకి ఆ కర్రకు బొట్టు పెట్టాడు. భక్తి కాస్త ఎక్కువై దానితోనే కొబ్బరికాయ పగలగొట్టాడు. కాయతోపాటు మెడా పగిలింది. పదవి ఎలాగూ వచ్చేసింది కాబట్టి, టేపు చుట్టి, దాని మీద మెరిసే స్టిక్కరు అంటించి అమ్మేశాడు.

"షాపువాడికి బిల్లు ఉంటుంది," అంది రోజారమణి లేస్తూ. "మనలాంటివాళ్ళకి నోరే బిల్లు. పదండి."

"మరి నా సీటు? నా ఇల్లు?"

"ఖాళీగా ఉంచంలెండి. మీ స్థానంలో కర్ర ఉంటుంది."

"అది ఇరిగిపోయింది కదండీ!"

"మీరూ కర్ర కాదు కదా. ఉన్నంతలో అందరూ సర్దుకోవాలి."

"ఎన్నాళ్ళు?"

"మీ ఆఫీసులోనో ఇంట్లోనో ఎవరో ఒకరు, మీ బదులున్న కర్రతో తేడా ఉందని ఫిర్యాదు చేసేదాకా. ఒక్క ఫిర్యాదు చాలు. అయితే ఇంకోసారి లోపం దాచారో, ఫిర్యాదులు కూడా తీసుకోం. జన్మంతా కర్రే."

జోగినాయుడు నవ్వాడు. "ఒక్కటే చాలా? సాయంత్రానికి పది రాకపోతే నన్నడగండి."

డాక్టరు ముంజేటి శ్రీకర్ పళ్ళ వైద్యుడు, మర్యాదస్థుడు. జోగినాయుడి చీలమండలు రెండూ పట్టుకుని ఊపేముందు ప్రతిసారీ "నాయుడుగారూ, రెడీయేనాండీ?" అని అడిగేవాడు. విభాగం ఇచ్చిన తోలు టోపీ పెట్టుకుని జోగినాయుడు నుదుటితో బంతిని కొట్టేవాడు. మొదటి బంతి ఇసకగుంటలో పడింది. తర్వాత పడలేదు. మామూలు కర్రకు బంతి ఎటుపోయినా ఒకటే. జోగినాయుడు మాత్రం బంతి ఎటు పోవాలో చూసుకుని కొట్టేవాడు. కొనుగోళ్ళ విభాగంలో ఇంత ధ్యాస పెట్టి పనిచేసిన గుర్తు ఆయనకు లేదు.

ఆట అయ్యాక చక్రాల సంచిలో, మిగతా కర్రల మధ్య నిలబడి ఫిర్యాదు కోసం ఎదురుచూసేవాడు. సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. వర్షాలు మొదలయ్యాయి, అయినా రాలేదు. ఏదో పొరపాటు జరిగిందనుకుని, తన స్థానాన్ని తనిఖీ చేయించమని అర్జీ పెట్టుకున్నాడు. విభాగం ఒప్పుకుని రోజారమణిని పంపింది. శ్రీకర్ కూడా ఆసుపత్రికి సెలవు పెట్టి, సంచి తనే లాక్కుంటూ వచ్చాడు. ఆటకు అంత బాగా అలవాటైన కర్రను వేరేవాళ్ళ చేతికి ఇవ్వడం ఆయనకు ఇష్టం లేదు.

ముందు ఆఫీసుకు వెళ్ళారు. జోగినాయుడి కుర్చీలో మడతపెట్టిన తువ్వాలు మీద కర్ర తల ఒక్కటే ఉంది. దాని ముందు టీ చల్లారుతోంది.

"కంప్లయింటా? దేనికి?" అన్నాడు జనరల్ మేనేజరు చలపతి. "మీటింగుల్లో మధ్యలో మాట్లాడదు. సప్లయర్లు వచ్చి రేటు చెప్తే పలకదు. అదేం అనుకుంటోందో తెలీక వాళ్ళే తగ్గించేస్తున్నారు. పైగా రాత్రయినా సీట్లోంచి కదలదు." సంచిలోకి తొంగి చూశాడు. "ఏంటి నాయుడూ, బాగా చిక్కావే! మంచి ఎక్సర్‌సైజ్ అన్నమాట."

"సార్, మీరైనా ఒక్క మాట..."

"నీకేం తక్కువయ్యిందయ్యా? ఈసారి ఇంక్రిమెంటు కూడా నీ పేరు మీదే ఇచ్చాం."

"కాడ ఏదండీ?" అని రోజారమణి అడిగింది.

"అది ఇంట్లో ఉంటుంది. ఇక్కడికి తల చాలు."

జోగినాయుడు సంచిలోంచే తన కుర్చీకేసి చూశాడు. ఆ కర్ర రెండు ముక్కలు కాబట్టి ఆఫీసులోనూ ఇంట్లోనూ ఒకేసారి ఉంటోంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తనకు సాధ్యం కానిది దానికి విరగడంతోనే చేతనైంది.

ఇంటి వరండాలో, ఆయన పడక్కుర్చీలో కాడ వాలి ఉంది. దాని పక్కన పీట వేసుకుని ఇందుమతి చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. సంచి చూసి గబగబా లేచి వచ్చింది. టోపీ పైకెత్తి, నుదుటి మీద కాయకాచిన చోట వేలితో తాకింది.

"నొప్పాండీ?"

"అలవాటైపోయింది."

"అమ్మా, తేడా ఉందని ఒక్కమాట అంటే చాలు," అంది రోజారమణి. "ఇప్పుడే దింపేస్తాం."

"తేడా ఉందండీ," అంది ఇందుమతి వెంటనే. జోగినాయుడు ఒక కాలు సంచిలోంచి బయట పెట్టాడు. "ఇది ఇంట్లో ఉంటోంది. ఆయన ఉండేవారు కాదు."

"అది ఫిర్యాదు కాదమ్మా. మెచ్చుకోలు."

ఇందుమతి కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది. సంచి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. తర్వాత ఆయన్ని కాకుండా ఇన్‌స్పెక్టరునే అడిగింది.

"ఈయన్ని దింపుకుంటే, ఫోను మోగినా కంచం ముందునుంచి లెగకుండా ఉంటారా?"

"నాకెలా తెలుస్తుందమ్మా? ఆయన్నే అడగండి. తెలిసిన లోపం దాచకూడదు. నేను చెప్పగలిగింది అంతే."

ముగ్గురూ ఆయన వైపు చూశారు. లేవను అన్న మాట జోగినాయుడి నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో వరండా, పడక్కుర్చీ, ఇందుమతి, ఆ చిక్కుడుకాయలు అన్నీ తనవవుతాయి. కానీ ఈ సరుకు సంగతి తనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. రోజారమణి చేతిసంచిలో పట్టకారు ఉండనే ఉంది.

"మొదటి వారం లెగను," అన్నాడు. "ఆ తర్వాత లెగుస్తాను."

ఇందుమతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పెళ్ళయ్యాక మీరు నాతో ఇంత నిజం చెప్పడం ఇదే." ముక్కు చీది, రోజారమణి వైపు తిరిగింది. "గ్యారంటీ ఏమైనా ఇస్తారా మేడమ్?"

"మనుషుల మధ్య లావాదేవీలకి ఉండదమ్మా. ఉన్నదున్నట్టు తీసుకోవాల్సిందే."

"అయితే ఆలోచించి చెప్తానండీ," అంది ఇందుమతి. పాత సామాను చూడ్డానికి వచ్చి, అన్నీ తిప్పి చూసి వెళ్ళిపోయేవాళ్ళు కూడా అంతే మెత్తగా అంటారు. "ఏటీ అనుకోకండే," అని ఆయనతో అంది.

"అనుకోడానికేటుంది?" అన్నాడు జోగినాయుడు. నిజంగానే ఏమీ అనుకోలేదు. ఆమె అడిగిన ప్రశ్నలు సరైనవి. కొనుగోళ్ళ విభాగంలో అయితే ఆయన కూడా ఈ సరుకును పక్కన పెట్టించేవాడే.

ఆమె లోపలికి వెళ్ళి పాత చీరముక్క ఒకటి తెచ్చింది. నాలుగు మడతలు వేసి, టోపీ లోపల నుదుటికి ఆనేలా సర్దింది. "గట్టిగా కొట్టకండి బాబూ," అని శ్రీకర్‌కి చెప్పింది. ఆయన సరేనమ్మా అన్నాడు.

సంచి గేటు దాటుతుంటే వరండాలోంచి ఆమె గొంతు వినిపించింది. "చూశారా, ఎవరొచ్చారో?" అని పడక్కుర్చీలోని కాడను అడిగి, జవాబు కోసం కాసేపు ఆగింది. తర్వాత చిక్కుడుకాయలు చిటుక్కుమనడం వినిపించింది.

"చినుకులు పడుతున్నాయి నాయుడుగారూ," అన్నాడు శ్రీకర్. "జిప్పు వేసేస్తాను. తల కాస్త వంచుతారా?"

జోగినాయుడు అప్పటికే వంచాడు.