ఒకే సీలు కింద ఏడుగురు

తుని పార్సెల్ గోడౌన్‌ని సామర్లకోట గోడౌన్‌లో కలిపేసిన రోజునే, తునిలో పార్సెళ్ళు వేరుచేసే దాడి నూకరాజుని, సామర్లకోటలో అదే పని చేసే షేక్ మీరావలిని కూడా కంపెనీ కలిపేసి ఒక మనిషిని చేసింది. పని పదిన్నరకు మొదలై పదకొండుంపావుకల్లా అయిపోయింది. మధ్యలో టీ తెప్పించారు. రెండు కప్పులు పోశారు గానీ రెండోది తాగేవాడు లేక చల్లారిపోయింది.

ఏరియా మేనేజరు చక్రధర్ ఇందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, అనవసరంగా ఆయన్ని ఆడిపోసుకోకూడదు. పార్సెల్ గోడౌన్లలో చిన్న చిన్న పొట్లాలని విడివిడిగా లారీ ఎక్కించరు. ఒకే దారిన పోయేవి నలభయ్యో యాభయ్యో చూసి ఒక సంచిలో వేసి, మూతి బిగించి, నంబరున్న ప్లాస్టిక్ సీలు తగిలిస్తారు. ఇక అక్కణ్ణించి కాగితాల మీద అవి నలభై కావు, ఒకటి. నూకరాజు పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న పని ఇదే. అతను సరుకుకి చేసిందే కంపెనీ అతనికి చేసింది.

అంతకుముందు చక్రధర్ ఇద్దరినీ ఫ్యాను కింద కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పాడు.

"గోడౌన్లు రెండూ ఒకటయ్యాయి. పోస్టూ ఒకటే మిగిలింది. మీలో ఒకరన్నా ఇంటికి పోవాలి, లేదా ఇద్దరూ ఒకటన్నా అవ్వాలి. మనది కుటుంబంలాంటి కంపెనీ నూకరాజు గారూ, ఇంటికి పంపడానికి నాకు మనసొప్పదు."

"ఉజ్జోగం ఉంటాదా సార్?" అన్నాడు నూకరాజు.

"ఉంటుంది. అందుకేగా ఈ తిప్పలన్నీ."

నూకరాజుకి అదొక్కటే కావాలి. నలభయ్యారేళ్ళొచ్చాయి, పొట్లం చేత్తో పట్టుకుని బరువు చెప్పడం తప్ప మరో విద్య రాదు. కిందటేడు ఉద్యోగం ఊడిన లోవరాజు పగటిపూట వీధిలోకి రావడమే మానేశాడు. ఎవరైనా పిలిస్తే తలుపు వెనకనుంచి "లేడండీ" అని తనే చెబుతున్నాడు. ఆ తలుపు ముందునుంచి పోవాల్సొస్తే నూకరాజు చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

కాగితం ముందుకు తోశారు. ప్రతి సంచి చీటీ మీదా ఉన్నట్టే దాని మీదా 'ఎక్కడ విప్పాలి' అన్న గడి ఉంది. అది ఖాళీగా ఉంది. సంచి కట్టేవాడు ఆ గడి నింపుతాడు, అందుకునేవాడు సీలు నంబరు మాత్రం సరిచూసి సంతకం పెడతాడు. పద్దెనిమిదేళ్ళ అలవాటు కదా, నూకరాజు సీలు నంబరు రెండుసార్లు సరిచూశాడు. మీరావలి మూడోసారి చూశాడు. నంబరు సరిపోయింది, ఇద్దరూ సంతకాలు చేశారు. ఈసారి తాము సంచి అందుకునేవాళ్ళు కాదు, సంచిలోకి పోయేవాళ్ళు అన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్తే భార్య గంగాభవాని గుమ్మంలోనే ఆపింది.

"ఏటయ్యా, ఆ మీసమెక్కడిది?"

"మీరావలి భాయిది. ఇద్దర్నీ కలిపేశారు. ఉజ్జోగం ఉంది."

"ఉజ్జోగం ఉంటే సాల్లే," అంది ఆమె. "బియ్యం ఎందరికి పొయ్యమంటావు?"

"ఒకరికే. ఆకలి ఇద్దరిది గానీ పొట్ట ఒకటే."

అదే నోటినుంచి ఇంకో గొంతు మొహమాటంగా వచ్చింది. "చెల్లెమ్మా, పులుసులో ఉప్పు కాస్త చూసి వెయ్యమ్మా. నాకు బీపీ."

"అలాగే అన్నయ్య గారూ," అని గంగాభవాని లోపలికెళ్ళి చారెడు బియ్యం ఎక్కువే పోసింది.

గోడౌన్ల విలీనం ఒకటితో ఆగేది కాదు. ముందు పిఠాపురం వచ్చి కలిసింది, దాంతోపాటు అక్కడ ఇదే పని చేసే పోలయ్య మోకాలినొప్పి వచ్చి చేరింది. జగ్గంపేట మూతపడ్డాక సువార్తరావు చేరాడు. ఆయన పొట్లం విసిరే ముందు స్తోత్రం అంటాడు. దసరాకల్లా లోపల మొత్తం ఏడుగురయ్యారు. నూకరాజు సీనియరు కాబట్టి పైకి కనిపించే ఆకారం చాలావరకు అతనిదే ఉంచారు. ఒక్కొక్క విలీనానికీ చక్రధర్ పైవాళ్ళకు నివేదిక పంపేవాడు. అందులో 'ఉద్యోగం కోల్పోయినవారు' అన్నచోట ప్రతిసారీ 'లేరు' అని రాసేవాడు, అది అబద్ధమూ కాదు.

వారానికి ఏడు రోజులుండటం ఎంత మేలైందో చెప్పలేం. ఇంటికో రోజు పంచుకున్నారు. శుక్రవారం మీరావలి ఇంటికి, ఆదివారం సువార్తరావు ఇంటికి పోవడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. మంగళవారం నూకరాజుకి వచ్చింది. దీని మీద కంపెనీ ఒక సర్క్యులర్ కూడా ఇచ్చింది: 'ఒకరి ఇంట ఉన్న దినమున మిగిలిన ఆరుగురును లేనట్లే భావించవలెను.' ఏడిళ్ళ ఆడవాళ్ళూ దాన్ని వంటింటి గోడకు అంటించుకున్నారు. భావించడం వాళ్ళకు పెద్ద కష్టమేమీ కాలేదు. మొగుళ్ళు ఉండీ లేనట్టుండటం వాళ్ళకు ముందునుంచీ అలవాటే.

చిక్కంతా సెలవుల దగ్గర వచ్చింది. పోలయ్య మేనకోడలి పెళ్ళికి వెళ్తానంటే మిగతా ఆరుగురూ గైర్హాజరవుతారు కాబట్టి వాళ్ళ సమ్మతి పత్రాలు తెమ్మన్నారు. మీరావలి ఉపవాసాల నెలంతా ఏడుగురూ పగలు పస్తున్నారు. సువార్తరావు మాత్రం నలభై రోజుల తన ఉపవాసం వేరే ఉంది కదా, ఇందులోంచి తగ్గించుకోవచ్చునా అని పాస్టరు గారిని అడిగొచ్చాడు. రెండు చేతుల మీద ఏడు గోడౌన్ల సరుకు వచ్చి పడుతుంటే భుజాలు లాగేసేవి. వార్షికోత్సవంలో 'ఒక్క మనిషి ఏడుగురి పెట్టు' అని పొగిడి శాలువా కప్పారు.

ఓ మంగళవారం సాయంత్రం నూకరాజు అరుగు మీద కూర్చుని భార్యతో, "బెంగగా ఉందే," అన్నాడు.

"ఎవరికి?"

"నాకే."

"నాకే అంటే?" అంది గంగాభవాని. ఆమె దెప్పడానికి అనలేదు, నిజంగానే అడిగింది. నూకరాజు జవాబు చెప్పబోయాడు గానీ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ ఏడ్చేది తనో, పోలయ్యో అతనికి తెలియలేదు. ఆమె కొంగుతో ఆ మొహం తుడిచి, "మనది మనకి విప్పెయ్యమని అడుగు, పో. అడిగినోడికి లేదంటారా?" అంది.

మర్నాడే వెళ్ళి అడిగాడు. "సార్, మమ్మల్నెప్పుడు ఇప్పుతారు?"

చక్రధర్ ఫైలు తీసి కాగితం చూపించాడు. "ఎక్కడ విప్పాలో రాయలేదు కదండీ. రాయని సంచి ఏ గోడౌన్లోనూ విప్పరు, మీకు నేను చెప్పాలా? పోనీ, నేనే రాసేస్తాననుకోండి. మీరు ఏడుగురవుతారు. పోస్టు ఒకటి. అప్పుడు ఆరుగుర్ని పంపెయ్యాలి. ఏ ఆరుగుర్ని పంపమంటారో మీరే చెప్పండి, ఇప్పుడే విప్పించేస్తాను."

నూకరాజు ఏడుగురినీ వేళ్ళ మీద ఓసారి లెక్కపెట్టుకున్నాడు. నమస్కారం పెట్టి, సరుకు దగ్గరికి వెళ్ళిపోయాడు.

సంక్రాంతి వెళ్ళాక రాజమండ్రి దగ్గర హైవే పక్కన పెద్ద కేంద్రం తెరిచారు. అక్కడ పొట్లాలు రబ్బరు పట్టా మీద వాటంతటవే నడిచి, ఎటు తిరగాలో అటే తిరుగుతాయి. సామర్లకోట గోడౌన్ అందులో కలిసిపోయింది. యంత్రంలో మనిషిని కలపడం ఇంకా సాధ్యపడలేదని చక్రధర్ ఎంతో నొచ్చుకుంటూ ఒక కవరు ఇచ్చాడు. అందులో పేరు లేదు, ఉద్యోగి నంబరు ఉంది. ఈ నంబరుగల ఉద్యోగి సేవలు రేపటినుంచి అవసరం లేదని ఉంది. ఆ నంబరు విలీనమైనప్పుడు కొత్తగా ఇచ్చింది, ఏడుగురిలో ఎవరికీ అది నోటికి రాదు.

మర్నాడు నూకరాజు స్టేషన్ ఎదుట టీకొట్లో జిల్లా పేపరు చూశాడు. 'ఏడు గోడౌన్ల విలీనం సజావుగా పూర్తి. ఉద్యోగం కోల్పోయింది ఒక్కరే' అని ఉంది. కార్మిక శాఖ అధికారి సంతృప్తి వ్యక్తం చేశారట.

"ఒక్కడేనంట," అన్నాడు నూకరాజు పైకి చదివి.

"అల్లా దయ," అన్నాడు మీరావలి. "ఒక్కడితో పోయింది."

"ఎవడో పాపం," అన్నాడు పోలయ్య. "పిల్లలున్నారో ఏమో."

"వాళ్ళ కుటుంబం కోసం ప్రార్థన చేద్దాం," అన్నాడు సువార్తరావు.

నూకరాజుకి కూడా ఆ ఒక్కడి మీద జాలేసింది. అంత జాలిలోనూ ఎన్నాళ్ళుగానో గుండెల మీదున్న బరువు దిగినట్టయింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆ ఒక్కడూ తాను కానందుకు ఏడుగురూ ఎవరి దేవుడికి వాళ్ళు దణ్ణం పెట్టుకున్నారు. ఉన్నవి రెండే చేతులు కాబట్టి వరసలో నిలబడి, ఒకరి తర్వాత ఒకరు పెట్టుకోవాల్సి వచ్చింది.