ఎడమకు గుంజే బండి

పాత మోటారు సైకిల్ కొనేటప్పుడు లోకమంతా ఇంజను చప్పుడు వింటుంది, టైర్లు తడుముతుంది, పొగ రంగు చూస్తుంది. ఇవన్నీ వెనుకబడిన పద్ధతులని మా ఊరు కోరుట్ల ఏనాడో తేల్చేసింది. మా దగ్గర బండి ఎలా ఉందో తెలుసుకోవడానికి బండిని చూడనవసరం లేదు. ఇదివరకు దాన్ని నడిపిన మనిషిని చూస్తే చాలు.

ఇందుకు ఎక్కడా అచ్చు కాకున్నా అందరూ పాటించే నిబంధనలున్నాయి. దెబ్బ తగిలిన బండ్లు రెండు రకాలు. మనిషి బతికి బయటపడ్డ బండి, మనిషిని తిన్న బండి. మొదటిది కొనవచ్చు. రెండోది ఊరికే ఇచ్చినా ఇంటి ముందు నిలపరాదు. ఛాసిస్ వంగిందా, చక్రం సొట్టబోయిందా అన్నవి ఈ నిబంధనల పరిధిలోకి రావు. (రవాణా శాఖ కాగితాల్లో మనిషి ఏమయ్యాడో రాసే గడి లేదు. మా నిబంధనల్లో ఛాసిస్‌కు గడి లేదు. రెండూ కలిపితే సంపూర్ణంగా ఉంటుంది గనుక ఎవరూ కలపలేదు.)

మా పక్కింట్లో అద్దెకుండే జలపతికి బండి అవసరం పడింది. సిరిసిల్లలో అతను నడిపే మరమగ్గాలు ఆగిపోతే, తల్లి శంకరవ్వనూ భార్య మాధవినీ వెంటబెట్టుకుని కోరుట్ల వచ్చాడు. ఇక్కడ పార్సిళ్ల ఆఫీసు వాళ్లు పనిస్తామన్నారు. సొంత బండి ఉండాలన్నారు. బండి కుదరకపోతే మస్కట్ వీసా తయారుగా ఉంది. మొగుడు రోజూ సాయంత్రం ఇంటికి రావాలా, రెండేళ్లకోసారి సెలవుకు రావాలా అన్న విషయం, మాధవికి సంబంధించినంతవరకు, ఒక పాత బండి చేతిలో ఉందన్నమాట.

"ఏదో ఒక బండి సారూ," అంది నాతో. "నడిస్తె సాలు. ఈయన కండ్ల ముంగట ఉండాలె, గంతే."

పాత బండ్ల బ్రోకర్ ఆనందం దుకాణానికి జలపతి, శంకరవ్వ, నేను బండి చూడ్డానికి వెళ్లాం. ట్యాంకుకు సొట్ట ఉంది. సొట్ట మీద ఆంజనేయస్వామి స్టిక్కరు ఉంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఎవరినో పలకరించడానికన్నట్టు కొంచెం ఎడమకు తిరిగి ఉంది. అక్కడికక్కడే పరీక్షా సంఘం ఏర్పడింది. శంకరవ్వ అధ్యక్షురాలు. నా ఫోన్‌లో నెట్ బాగా వస్తుంది కాబట్టి నేను సాంకేతిక నిపుణుణ్ణి. జలపతి ఆ బండిని నడపబోయేవాడు మాత్రమే కాబట్టి అతనికి ఓటు లేదు.

శంకరవ్వ బండిని ముట్టనైనా ముట్టలేదు. "దీని మీద మనిషి పోయిండా?" అని సూటిగా అడిగింది.

"అయ్యో అవ్వా, పోవుడేంది! అజయ్ అని, ఇబ్రహీంపట్నం పిలగాడు. షార్జాల మంచిగున్నడు." ఆనందం ఫొటో చూపించాడు.

"ఫొటో నాకెందుకు? దండేసిన ఫొటోల గూడ మనుషులు నవ్వుకుంటనే ఉంటరు. మాట్లాడియ్యి."

నా ఫోన్ నుంచి వీడియో కాల్ కలిపాం. అజయ్ ఒకదాని మీద ఒకటి ఉన్న మంచాల్లో పై మంచం మీద నుంచి ప్రత్యక్షమయ్యాడు. (పింఛనుదారు ఏడాదికోసారి బతికున్నట్టు రుజువు చూపిస్తే చాలు. బండి అమ్ముకునేవాడు బేరం వచ్చినప్పుడల్లా చూపించాలి.)

"కిందికి దిగు కొడుకా. జర అటు నడువు," అంది శంకరవ్వ. అజయ్‌కి అలవాటైనట్టుంది, ఎందుకని అడగకుండా మంచాల మధ్య నడిచి చూపించాడు. కొంచెం ఎడమకు ఒరుగుతున్నాడు.

"కాలుకేమైంది?"

"రాడ్డేసిన్రవ్వా. ఇప్పుడు మంచిగనే నడుస్తున్న."

శంకరవ్వ తృప్తిపడింది. మనిషికి రాడ్డు వేయించారు, బండికి ఏమీ వేయించలేదు అన్న సంగతి చర్చకు రాలేదు.

"అన్నా, ఒక్కసారి హారన్ కొట్టవా, వింట," అన్నాడు అజయ్. జలపతి కొట్టాడు. అజయ్ ఫోన్‌ను చెవికి ఆనించుకుని విన్నాడు. తర్వాత, "అన్నా, గా ముందటి ఫోర్కు జర..." అన్నాడు.

ఆనందం ఫోన్ గుంజుకుని, "సిగ్నల్ పోతున్నది," అని కట్ చేశాడు. (నా ఫోన్‌లో సిగ్నల్ గీతలన్నీ నిండుగానే ఉన్నాయి. సాంకేతిక నిపుణుణ్ణి ఎవరూ అడగలేదు.)

"ఫోర్కు అంటున్నడు గదనే అవ్వా?" అన్నాడు జలపతి.

"మనిషి బతికున్నడు గదరా! ఇంకేం గావాల్రా నీకు?"

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బండిని ఇంటికి తెచ్చారు. ఆ తర్వాత వీసా ఏజెంటు ఎన్నిసార్లు ఫోన్ చేసినా మాధవి ఎత్తలేదు. ఫోన్ మోగుతుంటే దాని ముందే కూర్చుని ఉల్లిగడ్డలు కోసుకునేది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

బండి మాత్రం ఎడమకు గుంజేది. జలపతి కుడికి ఒరిగి నడిపేవాడు. రోడ్డుకు ఎడమపక్క ఇళ్లవాళ్లకు పార్సిళ్లు అనుకున్నదానికంటే ముందే అందేవి, కుడిపక్క వాళ్లు ఫిర్యాదులు రాసేవారు. మెకానిక్‌కు చూపిస్తే, "దీన్ని సక్కజేసుడు కంటె నువ్వు అలవాటుపడుడు అగ్గువ," అన్నాడు. జలపతి అలవాటుపడ్డాడు. చివరికి ఇంట్లో అన్నానికి కూర్చున్నా కుడికే ఒరిగేవాడు.

ఒక వానరోజు ఇబ్రహీంపట్నం దారిలో బండి ఎడమకు గుంజడం ఆపకుండా పొలంలోకి దిగింది. జలపతి మెడ కింద ఎముక విరిగింది. పార్సిళ్లు తడిశాయి. ఆఫీసు వాళ్లు విచారం తెలిపి, ఆ పనికి వేరేవాణ్ణి పెట్టుకున్నారు. ఆసుపత్రిలో శంకరవ్వ కొడుకు తల తడిమి, "పానం ఉన్నది, సాలు," అంది. నిబంధనల ప్రకారం బండి రెండోసారి కూడా ఉత్తీర్ణత పొందింది.

ఎముక అతికింది. ఈసారి ఏజెంటుకు మాధవే ఫోన్ చేసింది.

పోయిన వారం అదే ఆనందం దుకాణంలో ఆ బండి బేరానికి వచ్చింది. చందుర్తి నుంచి లసుమవ్వ అనే పెద్దావిడ, కాలేజీ ఆపేసిన మనుమడితో వచ్చింది. మాధవి అమ్ముకునే పక్షాన నిలబడింది. ఆమె పిలిస్తే నేనూ వెళ్లాను.

"దీని మీద మనిషి పోయిండా?" అంది లసుమవ్వ.

మాధవి తన ఫోన్‌లో మస్కట్ కలిపింది. జలపతి చిక్కిపోయి ఉన్నాడు. లసుమవ్వ చెయ్యెత్తమంటే ఎత్తాడు. సగం వరకే లేచింది.

"ప్లేటేసిన్రవ్వా," అన్నాడు. తర్వాత హారన్ కొట్టమన్నాడు. ఆనందం కొట్టాడు. జలపతి విని, "అవ్వా, గా ముందటి ఫోర్కు జర..." అని మొదలుపెట్టాడు.

"సిగ్నల్ పోతున్నది," అంది మాధవి. కట్ చేసి, ఖాళీ తెర వంక చూస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బండి అమ్ముడుపోతే తప్ప వీసా కోసం ఏజెంటుకు పడ్డ బాకీ తీరదు, అది తీరితే తప్ప జలపతి తిరిగి రాడు.

లసుమవ్వ లేచి మనుమడి వీపు తట్టింది.

"ఇద్దరు నడిపిన్రు, ఇద్దరూ ఉన్నరు. గింత మంచి బండి ఇంకేడ దొరుకుతది బిడ్డా, తీస్కో."