పాత రేజరు, సరిపోయే బ్లేడు

ఏడింటికి గడ్డం గీసుకుని, ఏడున్నరకు స్నానం ముగించి, మధ్యాహ్నం దాకా ప్రసంగం బట్టీపట్టి, నాలుగు గంటలకు లైబ్రరీకి వెళ్ళాలన్నది గురువారం ఉదయం గ్రాముగారు వేసుకున్న పథకం. అందుకోసం ఆఫీసుకు సెలవు కూడా పెట్టారు. తూనికలు, కొలతల ఆఫీసులో ఆయన ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇన్‌స్పెక్టరు. తక్కెడలో గ్రాము తేడా వచ్చినా వదిలిపెట్టని మనిషి కావడంతో బజారువాళ్ళు ఆ పేరు పెట్టారు. తర్వాత ఆఫీసువాళ్ళూ అదే అందుకున్నారు. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రం మిగిలింది.

భార్య పోయి నాలుగు నెలలైంది. ఆవిడ పనిచేసిన లైబ్రరీలో, ఆవిడ కూర్చునే బల్ల వెనక గోడకు ఆ సాయంత్రం ఆవిడ ఫోటో పెడుతున్నారు. నాలుగు మాటలు మాట్లాడమని అడిగితే గ్రాముగారు మొదట ససేమిరా అన్నారు. కూతురితోనూ అదే చెప్పారు. తర్వాత మనసు మార్చుకుని ఒప్పుకున్నారు గానీ, ఏం మాట్లాడతావని కూతురు అడుగుతుందేమోనని ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. మూడు రోజులు కూర్చుని పన్నెండు వాక్యాలు రాశారు. తొమ్మిది కొట్టేశారు.

గడ్డం మీదికి రేజరు పెట్టగానే చుర్రుమంది. పాత రేజరు అది. పెళ్ళైన కొత్తలో ఆవిడ కొనిచ్చింది. బరువైన స్టీలు పిడి, దాని తలమీద సన్నని పట్టా. రెండు బ్లేళ్ళున్న కార్ట్రిడ్జిని పక్కనుంచి ఆ పట్టాలోకి జరిపితే టిక్కుమని కూర్చుంటుంది. బ్లేళ్ళు ఎప్పుడూ సొరుగులో ఉండేవి. అవి ఎక్కడినుంచి వస్తాయో ఆయన ఏనాడూ అడగలేదు. ఆవిడ పోయేనాటికి ఉన్న అయిదింటినీ నాలుగు నెలలు సాగదీశారు. ఇదే ఆఖరుది. అద్దంలో చూసుకుంటే కుడి చెంప సగం గీకీ గీకనట్టుగా, ఎర్రగా ఉంది. ఈ మొహంతో ఆవిడ ఫోటో పక్కన నిలబడటం ఆయనకు ఇష్టం లేదు.

కొలత తెలియకుండా బజారుకెళ్ళడం ఆయన వృత్తికే అవమానం. అందుకని కార్ట్రిడ్జిని విప్పి, రెండు బ్లేళ్ళనూ బయటికి తీసి, వెర్నియర్ కొలబద్ద పెట్టి పొడవు, వెడల్పు, పట్టా మందం చీటీమీద రాసుకున్నారు. విప్పిన ముక్కలు బల్లమీదే, ప్రసంగం కాగితం పక్కనే ఉండిపోయాయి. దుకాణాలు తెరిచే వేళ దాకా ఆగి మరదలికి ఫోన్ చేశారు. ఆమెకు బట్టలు కుట్టే దుకాణం ఉంది. ఫోనెత్తినప్పుడు మూడు మిషన్లు నడుస్తున్నాయి.

"అమ్మాయ్, మీ అక్క ఉన్నన్నాళ్ళూ అన్నీ తనే చూసుకుంది. ఇప్పుడు నాకు దారి తోచడం లేదు."

"ఏంటి బావగారూ, సరిగ్గా వినబడటం లేదు."

"బ్లేడు. ఉన్నది ఒక్కటే. ఇవాళ్టితో సరి. ఇంక ఎక్కడ..."

ఆమె మిషన్లు ఆపించేసరికి ఫోను మూగబోయింది. రాత్రి చార్జింగు పెట్టడం గ్రాముగారు మరిచిపోయారు. ఆ పని కూడా ఇదివరకు ఆవిడే చూసుకునేది.

మరదలి పై ప్రాణాలు పైనే పోయాయి. అక్క పోయిననాటి నుంచి బావగారు కంట తడి పెట్టలేదు. దినాలయ్యాక మర్నాడే ఆఫీసుకు వెళ్ళి తక్కెళ్ళు పరీక్షించారు. అంత గట్టిగా ఉన్న మనిషి ఎప్పుడో ఒకప్పుడు విరిగిపోతాడని ఆమెకు భయం. వెంటనే కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే అక్క కూతురికి ఫోన్ చేసింది. "మీ నాన్న ఏదో అంటున్నారే. ఇవాళ్టితో సరి అన్నారు. బ్లేడన్నారు."

కూతురు ఎదురుగా కళ్ళు పరీక్ష చేయించుకుంటున్న పెద్దాయన్ని చదువుతున్న అక్షరం దగ్గరే వదిలేసి పరిగెత్తింది. తన దగ్గరున్న తాళంచెవితో ఇల్లు తెరిచింది. నాన్న లేరు. బల్లమీద కార్ట్రిడ్జి చీల్చి తీసిన రెండు బ్లేళ్ళు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. పక్కన నాన్న చేతిరాతలో మూడు వాక్యాలు. "ఆమె లేకపోతే నేనేమిటో నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఇంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నావల్ల ఎవరైనా నొచ్చుకుని ఉంటే మన్నించి, నాకు సెలవిప్పించండి."

ఆ కాగితం పట్టుకునే నాన్న ఆఫీసులోని పెద్దాఫీసరుకు ఫోన్ చేసింది. ఆయన కాగితంలో ఉన్నది పూర్తిగా విన్నారు. తర్వాత ఉన్న ఆరుగురు ఇన్‌స్పెక్టర్లనీ పిలిచి, "చేతిలో ఏ పనున్నా వదిలేయండి. బజారంతా గాలించండి. మనిషి కనిపిస్తే చేయి పట్టుకోండి, వదలొద్దు," అన్నారు.

ఈ గందరగోళమేమీ తెలియని గ్రాముగారు అప్పటికి పెద్ద దుకాణంలో రేజర్ల అరముందు నిలబడి ఉన్నారు. అక్కడి బ్లేళ్ళన్నీ అయిదు వరసలవి. తలలు గుండ్రంగా ఉన్నాయి. పట్టాకి బదులు రెండు బుల్లి కొక్కేలున్నాయి.

"ఇది నా పిడికి పట్టదు," అన్నారాయన.

"పిడి కూడా కొత్తది తీసుకోండి. దీంతోపాటే వస్తుంది," అన్నాడు అమ్మేవాడు.

"పిడి బాగానే ఉంది."

"పాతది కదండీ."

"పాతదైతే బాగుండకూడదా?"

అమ్మేవాడు అర కింది వరసలో దుమ్ము కొట్టుకున్న డబ్బా ఒకటి వెతికి ఇచ్చాడు. పాత మోడళ్ళకు సరిపోతుందని దానిమీద రాసి ఉంది. ఏ కంపెనీయో ఎవరికీ తెలియదు. గ్రాముగారు పట్టాలోకి జరిపి చూశారు. ఎక్కింది గానీ టిక్కుమనలేదు. వెర్నియర్ తీశారు.

"అర మిల్లీమీటరు వదులు. తల ఊగుతోంది."

"తల ఊగితే ఏముందండీ, గడ్డం తెగుతుందిగా."

"నకలు సరుకుకీ అసలుదానికీ తేడా నా చెంపకు తెలుస్తుందయ్యా. మా ఇంట్లో ఎప్పుడూ అసలుదే," అని చెప్పి ఆయన బయటికొచ్చారు.

ఈలోగా ఆరుగురు ఇన్‌స్పెక్టర్లు బజారులో ఆరు మూలలనుంచి దిగారు. మొదటివాడు పళ్ళ దుకాణంలో ఆయాసపడుతూ, "గ్రాముగారు ఇటు వచ్చారా?" అని అడిగాడు. ఆ మాట పక్క దుకాణానికి "గ్రాముగారు ఇటు వస్తున్నారు" అని చేరింది. ఆ పక్కదానికి "అందరూ కలిసి వస్తున్నారు" అని చేరింది. బజారు పుట్టి ఇన్నేళ్ళలో ఆరుగురు ఒకేసారి రావడం ఎవరూ చూడలేదు. మాంసం కొట్టువాడు తక్కెడ తీసి బల్లకింద తోశాడు. మేకులు తూచి అమ్మేవాడు షట్టరు సగం దించి, గ్రాముగారు మలుపు తిరగడం చూసి మిగతా సగం కూడా దించేశాడు.

గ్రాముగారు ఏ దుకాణం వైపు అడుగేస్తే ఆ దుకాణం మూతపడుతోంది. ఆయన రేజరు పైకెత్తి చూపిస్తూ, "బ్లేడు కోసమయ్యా, బ్లేడు," అన్నారు. లోపలినుంచి ఎవరో, "ఇవాళ మాకు సెలవండీ," అన్నారు. ఇంకోచోట తలుపు సందులోంచి, "మా ఆవిడకు బాగాలేదు సార్," అని వినిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ బజారు తనని చూసి భయపడిందని ఆయనకు తెలుసు. అందుకు ఒకప్పుడు కొంచెం గర్వంగా కూడా ఉండేది. సగం గీసిన గడ్డంతో వీధి మధ్య నిలబడితే ఆ భయం ఇంకోలా కనిపించింది. ఇన్ని దుకాణాల్లో తనను కూర్చోమనే మనిషి ఒక్కడు లేడు. సాయంత్రాలు ఇంటికెళ్ళి తలుపు తడితే తెరిచే మనిషి ఉండబట్టి ఇన్నాళ్ళూ ఆ సంగతి ఆయనకు తెలియలేదు.

వీధి చివర ఒక్క కొట్టు తెరిచి ఉంది. దువ్వెనలు, సబ్బులు, రిబ్బన్లు అమ్మే ముసలావిడ స్టూలు మీద కూర్చుని ఉంది.

"మీరు మూయలేదేం?" అన్నారు గ్రాముగారు.

"నా దగ్గర తూచే సరుకేం లేదు బాబూ." ఆవిడ చూపు ఆయన చేతిలోని రేజరు మీద పడింది. "ఇది లైబ్రరీ అమ్మగారు బ్లేడు సరిచూడటానికి తెచ్చిన రేజరు కదూ. అయితే మీరు..."

"అవును. బ్లేళ్ళు ఇక్కడే కొనేదా? కంపెనీవే కదా?"

ముసలావిడ లేచింది. స్టూలు ఆయనవైపు జరిపింది. "కూర్చోండి. ఆ కంపెనీ ఇవి మానేసి తొమ్మిదేళ్ళయింది. అప్పట్నుంచి ఇవిగో, ఇవే తీసుకెళ్ళేది." పేరులేని చిన్న అట్టపెట్టె తీసి చూపించింది. "ఇక్కడే కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న పాత కంపెనీ డబ్బాలో ఒక్కొక్కటీ సర్దుకునేది. ఆయన కొలతల మనిషి, తెలిస్తే రేజరే పారేస్తారు, అది నేనిచ్చింది, అనేది."

గ్రాముగారు ఆ బ్లేడు అందుకుని పట్టాలోకి జరిపారు. టిక్కుమంది. వెర్నియర్ జేబులోంచి తీసి, కొలవకుండానే మళ్ళీ పెట్టేసుకున్నారు.

"ఒంట్లో బాగాలేనప్పుడు కూడా ఒకసారి వచ్చింది," అంది ముసలావిడ. "ఆరు పెట్టెలు పక్కన పెట్టించింది. ఏదో ఒకరోజు ఆయనే వెతుక్కుంటూ వస్తారు, కంపెనీవేనని చెప్పి ఇవ్వండి, అంది. అబద్ధం చెబుదామనే అనుకున్నాను బాబూ. మీ మొహం చూశాక చేతకాలేదు."

ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరి కన్నీళ్ళకూ లొంగని గ్రాముగారు దువ్వెనల మధ్య, రిబ్బన్ల కింద కూర్చుని, రెండు చేతులతో ఆ పెట్టె పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు.

సరిగ్గా అప్పుడే కూతురు వచ్చింది. వెనక మరదలు, ఆ వెనక ఆరుగురు ఇన్‌స్పెక్టర్లు, వాళ్ళ వెనక ఇదంతా ఏమిటో చూద్దామని సగం బజారు. కూతురికి కనిపించింది ఏడుస్తున్న నాన్న, ఆయన చేతిలో బ్లేళ్ళ పెట్టె. ఒక్క ఉదుటున లాక్కుని వీధి పక్క కాలవలోకి విసిరేసింది. ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు రెండు చేతులూ పట్టుకున్నారు. మూడోవాడు, పట్టుకోవడానికి చేయి దొరక్క, భుజం పట్టుకున్నాడు.

"అవి మీ అమ్మ పెట్టించినవే," అన్నారు గ్రాముగారు, ఏడుపు మధ్యలో.

అంతా విడమరిచి చెప్పడానికి చాలాసేపు పట్టింది. మరదలు విన్నదేమిటో, కాగితం ఏమిటో, బజారెందుకు మూశారో ఒక్కొక్కటే తేలింది. ఒక ఇన్‌స్పెక్టరు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. కూతురు మాత్రం నవ్వలేదు. మిగిలినవాళ్ళు కాలవలో పెట్టె వెతుకుతుంటే నాన్న పక్కన నేలమీదే కూర్చుంది.

"నిజం చెప్పు నాన్నా. నీకెప్పుడూ అలా అనిపించలేదా?"

ఆయన జవాబు చెప్పడానికి ముందు ఆలోచించారు. తప్పు కొలత చెప్పడం అలవాటు లేని మనిషి.

"అనిపించింది. రెండుసార్లు. ఇవాళ కాదు."

కూతురు ఆయన చేయి తన ఒళ్ళోకి తీసుకుంది. "మూడోసారి అనిపిస్తే, ముందు నాకు ఫోన్ చేస్తావా?"

"చేస్తాను."

"చార్జింగ్ ఉంటుందా?"

"పెట్టుకుంటాను."

నాలుగింటికి ఆయన సగం గడ్డంతోనే లైబ్రరీకి వెళ్ళారు. కాగితం కూతురి చేతిలో నలిగి, తడిసి, చదవడానికి వీల్లేకుండా పోయింది. అందుకని లేచి నిలబడి, తన భార్య తొమ్మిదేళ్ళు తనను మోసం చేసిందని, కొలతల ఇన్‌స్పెక్టరునై ఉండి కూడా పట్టుకోలేకపోయానని చెప్పి, ఇంక చెప్పలేక కూర్చున్నారు.

అప్పటినుంచి కూతురు రోజూ పొద్దున్న ఏడున్నరకు ఫోన్ చేస్తుంది. "గడ్డం గీసుకున్నావా నాన్నా?" అని అడుగుతుంది. గీసుకున్నానని ఆయన చెబుతారు. ఆమె సరేనని పెట్టేస్తుంది. కంగారు పడకూడదని, ఆదివారాలు గీసుకోనన్న విషయాన్ని ఆయన ఆమెకు ముందుగానే రాతపూర్వకంగా తెలియజేశారు.