లైట్ వర్కుకో బండి

ఫ్రేములాయనకు భయం కొత్త కాదు. వీధిలో అందరి ఫోటోలకూ ఫ్రేములు కట్టి, అద్దాలు కోసి బిగించే ఆ మనిషికి కొట్లో కూర్చున్నంతసేపూ ధైర్యంగానే ఉంటుంది. అద్దాన్ని రోడ్డెక్కించాలంటేనే పై ప్రాణాలు పైనే పోతాయి. ఇరవై ఏళ్ళుగా స్కూటరు మీదే నెట్టుకొస్తున్నాడు. ముందు ఆయన, వెనక వైపుకు తిరిగి కూర్చున్న భార్య, ఆవిడ చేతుల్లో అద్దం. మొన్న వారం ఒక నిలువుటద్దాన్ని అలాగే తీసుకెళ్తుంటే, వెనక వస్తున్న లారీ డ్రైవరు తనకెదురుగా ఇంకో లారీ వస్తోందనుకుని కంచెలోకి దిగిపోయాడు.

అందుకే ఆ రోజు పొద్దున్నే భార్య తేల్చి చెప్పేసింది. "నేనింక అద్దం పట్టుకుని స్కూటరెక్కను. ఇవాళ షోరూంకి వెళ్ళి ఏదో ఒక బండి చూసుకుని రండి. మీ వల్ల కాదంటే చెప్పండి, సాయంత్రం మా తమ్ముడి వ్యాను తెచ్చేసుకుందాం. వాడు ఎప్పట్నుంచో ఇస్తానంటున్నాడు."

ఇస్తానంటాడు మరి. ఆ వ్యాను కుడివైపు తిరిగితే ఎడమ తలుపు తెరుచుకుంటుంది, బ్రేకు తొక్కితే హారను మోగుతుంది. హారను నొక్కితే ఏమవుతుందో కనుక్కునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బామ్మర్ది దాన్ని వదిలించుకోవడానికి చూస్తున్నాడని ఊరందరికీ తెలుసు, ఒక్క అక్కకు తప్ప. సాయంత్రంలోగా బండి ఎంచుకోకపోతే ఆ వ్యాను తన నెత్తిన పడుతుంది. 

షోరూంకి ఫోన్ చేశాడు. అటువైపు ఒకమ్మాయి పలికింది.

"రోజూ తిరగడానికమ్మా. దాంతో పాటు కాస్త లైట్ వర్కుంటుంది. చిన్న బండి చాలు," అన్నాడు.

"లైట్ వర్కు ఎక్కువుంటుందా సార్?"

"రోజూ ఉంటుంది."

"పగలా, రాత్రా?"

ఇదేం ప్రశ్నో ఆయనకు అర్థం కాలేదు. అడిగితే ఏమనుకుంటుందో అని భయం. "పగలే ఎక్కువ. రాత్రిపూట కూడా ఉంటే మంచిదే కదమ్మా," అన్నాడు. ఆ అమ్మాయి అంతా రాసుకుంది.

పదకొండింటికి షోరూంకి చేరేసరికి గుమ్మం ముందే తెల్లటి చిన్న వ్యాను నిలబడి ఉంది. పైకప్పు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా లైట్లు. ఎర్రవి, నీలివి, పసుపువి. ముందు రెండు, వెనక రెండు ఫ్లడ్ లైట్లు. సేల్స్‌మాన్ నడివయసు మనిషి, చేతులు నలుపుకుంటూ ఎదురొచ్చాడు.

"మీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ ఇద్దరు మెకానిక్కులు దీనిమీదే ఉన్నారు సార్. చూడండి, మీరడిగినట్టే ఉందా?"

"ఇవన్నీ…" అన్నాడు ఫ్రేములాయన, పైకి చూస్తూ.

"అన్నీ వెలుగుతాయి సార్. ఒక్కటి వెలక్కపోయినా నన్నడగండి."

తాను అడిగిందేమిటో, వీళ్ళు చేసిందేమిటో ఆయనకు అంతుపట్టలేదు. ఈ మధ్య బండ్లన్నీ ఇలాగే వస్తున్నాయేమో. ఇద్దరు మెకానిక్కులు గుమ్మంలో నిలబడి ఆశగా చూస్తున్నారు. కాదంటే బాగుండదని తలూపాడు. మొహమాటానికి భయం తోడైతే మనిషి దేనికైనా తలూపుతాడు.

సేల్స్‌మాన్ పక్కన కూర్చున్నాడు, ఫ్రేములాయన బండి తీశాడు. నిజం చెప్పొద్దూ, బండి మెత్తగా పోతోంది. నడిపేవాడే పోనివ్వడం లేదు. వెనకాల పదిహేను బండ్లు వరస కట్టాయి. సైకిలు మీద వెళ్తున్న ఒక పెద్దాయన దాటిపోతూ లోపలికి జాలిగా చూసి వెళ్ళాడు. సేల్స్‌మాన్ పది నిమిషాలు ఓర్చుకున్నాడు.

"సార్, నేనిక్కడ దిగి టీ తాగుతాను. మీరు ఎడమవైపు తిరిగి, ఒక రౌండేసి వచ్చెయ్యండి. తొందరేం లేదు," అని దిగిపోయాడు.

ఒంటరిగా మిగిలేసరికి ఫ్రేములాయన స్టీరింగును బిగించి పట్టుకున్నాడు. ఎడమవైపు తిరగాలంటే ముందు సిగ్నలు వెయ్యాలి. కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండా చేత్తో తడిమి ఒక మీట నొక్కాడు. నెత్తిమీద లైట్లన్నీ గిర్రున తిరగడం మొదలెట్టాయి. కంగారుగా పక్క మీట నొక్కాడు. లైట్లతో పాటు ఉచితంగా బిగించిన సైరన్ మోగింది.

అంతే, రోడ్డు రెండుగా చీలిపోయింది. బస్సులు పక్కకు ఒరిగాయి, ఆటోలు కాలిబాట ఎక్కాయి. చౌరస్తాలో కానిస్టేబుల్ అటు వాళ్ళనీ ఇటు వాళ్ళనీ ఆపేసి, నేరుగా పొమ్మని చెయ్యూపాడు. తాను ఎడమవైపు తిరగాలని చెప్పే దారి లేదు. ఆపితే ఎందుకాపావంటారు. ఆపకపోతే ఈ సైరన్ నీకెవరిచ్చారంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తన గుండె కొట్టుకుంటున్న చప్పుడు సైరన్‌లో కూడా వినిపించింది ఆయనకు. ఈ రాత్రి పోలీస్ స్టేషన్‌లోనే పడక అని తేల్చుకున్నాడు.

నేరుగా పోయిన రోడ్డు పెద్దాసుపత్రి గేటులో ఆగింది. కాపలావాళ్ళు అప్పటికే గేటు బార్లా తీసి పెట్టారు. ఇద్దరు మనుషులు స్ట్రెచరు తోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు. నర్సు వెనక తలుపు తీసి చూస్తే లోపల ఎవరూ లేరు.

"పేషెంటెక్కడ?" అంది.

ఫ్రేములాయన కూడా వెనక్కి తిరిగి వెతికాడు. చొక్కా తడిసి ముద్దయింది. వేళ్ళు స్టీరింగును వదలడం లేదు. నర్సు వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఈయనేనయ్యా పేషెంటు. పల్సు నూట నలభై ఉంది. పట్టండి."

"నాకేం లేదమ్మా. నేను బండి చూసుకోవడానికి వచ్చాను."

"బండి మేం చూసుకుంటాం, మీరు పడుకోండి."

"అసలు బండి నాది కాదమ్మా."

"మాట కూడా తేడాగా ఉంది," అని నర్సు కాగితం మీద రాసుకుంది.

క్షణాల్లో ఆయన వొంటికి నాలుగు వైర్లు తగిలించారు. ఇంటి నంబరు అడిగితే, "మా ఆవిడకు మాత్రం చెప్పొద్దమ్మా," అని బతిమాలాడు. అలా అన్న ప్రతివాడి ఇంటికీ నర్సు ముందుగా ఫోన్ చేస్తుంది. డాక్టరమ్మ వచ్చి చూసి, "గుండె నొప్పితో తనే బండి నడుపుకుని వచ్చాడా? ఇంత గుండె ధైర్యం నేనెక్కడా చూళ్ళేదు," అంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఆ మాట అన్నది ఆవిడొక్కతే.

అరగంట గడిచాక సేల్స్‌మాన్ చెమటలు కక్కుతూ ఊడిపడ్డాడు. లైట్లు తిరిగే బండి ఎటు పోయిందని దారి పొడుగునా అడుగుతూ వచ్చాడట. మరో అరగంటకు భార్య వచ్చింది, జుట్టు రేగిపోయి, కళ్ళు ఎర్రబడి. వెనకే బామ్మర్ది. మంచం మీద భర్త కూర్చుని ఉండటం చూశాక గానీ ఆవిడ ఊపిరి తీసుకోలేదు.

"భయం తప్ప ఏమీ లేదమ్మా," అంది డాక్టరమ్మ.

"అది పెళ్ళినాటి నుంచీ ఉందండీ," అంది భార్య. తర్వాత సేల్స్‌మాన్ వైపు తిరిగింది. "ఫ్రేములు కట్టుకునే మనిషికి ఇన్ని లైట్లెందుకయ్యా?"

సేల్స్‌మాన్ జేబులోంచి చీటీ తీసి చదివాడు. "లైట్ వర్కు. రోజూ. పగలు ఎక్కువ, రాత్రి ఉంటే మంచిది. మరి ఈయనే కదమ్మా చెప్పింది?"

"లైట్ వర్కంటే తేలిక పనయ్యా," అంది భార్య, అరుస్తున్నట్టూ కాకుండా, ఏడుస్తున్నట్టూ కాకుండా.

అందరూ నోళ్ళు తెరిచారు. బామ్మర్ది ఒక్కడే మెల్లగా నవ్వుకుంటూ మంచం దగ్గరికి వచ్చాడు. "మన వ్యాను ఉండగా ఈ తిప్పలన్నీ ఎందుకు బావా? సాయంత్రం తాళాలు ఇచ్చేస్తాలే."

ఫ్రేములాయన కళ్ళు మూసుకున్నాడు. మీట నొక్కినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు.

"నీ వ్యాను వద్దురా," అంది అక్క. "నన్ను ఇక్కడికి తీసుకొచ్చేలోపు దారిలో మూడుసార్లు ఆగింది. రెండుసార్లు దిగి నేనే తోశాను. ఈయనకు నిజంగా ఏమైనా అయ్యుంటే నేనేం చేద్దును?" కొంగుతో కళ్ళు తుడుచుకుని సేల్స్‌మాన్‌ను చూసింది. "ఆ తెల్ల బండే ఇవ్వండి."

"లైట్లూ, సైరనూ తీయించేస్తానమ్మా."

"సైరన్ తీసెయ్యండి. వెనకాల ఒక పసుపు లైటు ఉంచండి. ఈయన ముందు పోతున్నాడని వెనకాల వాళ్ళకు తెలియాలి."

కాగితాలన్నీ పూర్తయి నాలుగోరోజున బండి చేతికొచ్చింది. షోరూం నుంచి భార్యాభర్తలూ, బామ్మర్దీ ముగ్గురూ బయలుదేరారు. పసుపు లైటు తిరుగుతుంటే వెనక బండ్లన్నీ బుద్ధిగా దూరం పాటించాయి. ఫ్రేములాయన జీవితంలో మొదటిసారి రోడ్డు మీద భయపడకుండా నడిపాడు. ఎంత నింపాదిగా నడిపాడంటే, నడిచి వస్తానని బామ్మర్ది మొదటి మలుపులోనే దిగిపోయాడు.

వీళ్ళు ఇంటికి చేరేసరికి లోపల్నుంచి తలుపు తీసింది అతనే.