అరగంట నిద్రకై చెల్లసామి సలిపిన మహాసంగ్రామము

వినుడు, టిక్కెట్టు కొన్న మహాత్ములారా, కొనక ఫుట్‌బోర్డుపై వ్రేలాడు ధీరులారా, ముగ్గురి సీటున నాల్గవవారై ఒదిగిన సర్దుబాటు చతురులారా, వినుడు. నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి, నోరు తెరచి, వానదేవుని దూషించుచున్న కాలమున, అగ్గిపుల్లల తలలకు మందద్దు కోవిల్‌పట్టికిని ఎండుమిరప ఘాటునకు తుమ్ముచునే బేరములాడు విరుదునగరునకును నడుమనున్న రాజమార్గమున, తొంబదుల దశకము తలనెరసి ముదుసలి యగుచున్న వేళ, ఒకానొక ప్రచండ మార్తాండ మధ్యాహ్నమున జరిగిన ఘోరయుద్ధమును చెప్పుచున్నాను. ఇందు గజములు లేవు, తురగములు లేవు. ఒక బస్సు కలదు. ఒక తువాలు కలదు. ఆ తువాలుపై అరగంటసేపు శయనింపదలచిన ఒక మహావీరుడు కలడు.

గేరుదండధారి, హారన్నాదభీషణుడు, స్పీడుబ్రేకరోల్లంఘనదక్షుడు నగు ఆ వీరుని పేరు చెల్లసామి. కోడి మేల్కొనకమున్నే కోవిల్‌పట్టిలో బస్సునెక్కి, సాత్తూరు మీదుగా విరుదునగరునకును, మరల వెనుకకును, మరల ముందునకును, కవ్వపు త్రాడువలె ఒక్క బాటనే తిరుగుచు బ్రదుకు చిలుకువాడు. డ్రైవరు దినమునకు ఎనిమిది గంటలకు మించి తోలరాదనియు, ఐదు గంటలు ఎడతెగక తోలినవానికి అరగంట విశ్రాంతి ఈయవలయుననియు చట్టము కలదు. ఆ చట్టమును యూనియనువారు అచ్చొత్తించి బస్సు షెడ్డు గోడకు అతికించి యుండిరి. చెల్లసామి దానిని ఏండ్ల తరబడి దేవుని పటమును చూచినట్లు చూచుచుండెను; అనగా భక్తితో చూచును, వరమడుగడు.

అట్టివాడు నేడేల తువాలు పరచెనో చెప్పవలెనన్న, నిన్నటి కథ చెప్పవలయును.

నిన్న సాత్తూరు దాటి వచ్చుచుండగా, తిన్నని బాటపై, ఇంజను పాడు జోలకు లొంగి, చెల్లసామి రెప్పలు ఒక్క క్షణము మూతవడెను. ఆ క్షణమున బస్సు తారు విడిచి మట్టిలోనికి దిగెను. కన్ను తెరచునప్పటికి ఎదుట మేకల మంద. ఆతడు చక్రము త్రిప్పెను. బస్సు మరల బాటకెక్కెను. ఒక్క మేకకును వెండ్రుకైన రాలలేదు. అంతట ప్రయాణికులు, మేకలను కాచుటకే ఈతడు బాట దిగెనని నిశ్చయించి, "మూగజీవాల మీద ఎంత కనికరం" అని కొనియాడిరి. ఒకాయన అరటిపండు బహూకరించెను. ఆతనికి సరిగా వెనుకనున్న సీటున తల్లి ఒడిలోనున్న పసిబిడ్డ యొకతె చేయి చాచి, నవ్వుచు, ఆతని చొక్కా కాలరు పట్టి లాగెను. నిజము తెలిసినవాడు కండక్టరు జెబకుమార్ ఒక్కడే. ఆతడు పైనున్న అద్దములో డ్రైవరు మూసిన కన్నులను చూచియుండెను.

ఆ రాత్రి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీనుండి వచ్చిన భార్య సెల్లత్తాయి, అన్నము ముందు పెట్టుకొని కదలక కూర్చున్న పెనిమిటిని జూచి, "ఏమి, తినకుండా కూర్చోనుండావు?" అని యడిగెను.

"మేకలు," అనెను చెల్లసామి.

"మేకలకేమి?"

"మేకలకేమీ లేదు."

కాలరు పట్టిన ఆ పసిచేతి లాగుడు మాత్రము తెల్లవార్లును ఆతని మెడకు తగులుచునే యుండెను.

కావున నేడు, ఐదు గంటలకు మించిన రథసారథ్యము ముగించి విరుదునగరు బస్‌స్టాండున రథమును నిలిపి, తిరుగు ప్రయాణమునకు జనులెక్కి కూర్చున్నంతట, ఆ వీరుడు తాళంచెవిని పెరికి చొక్కా జేబున వైచి, ముందరి పొడుగు సీటుపై తువాలు పరచి, కండక్టరుతో మేఘగంభీరస్వనమున ఇట్లనెను: "జెబా, నేను పడుకుంటాండా. అరగంట. సట్టం."

అని, తాళంచెవి తన ఎదక్రింద నలుగునట్లు బోరగిల పడుకొనెను.

బస్సు ఒక్కసారిగా మథింపబడిన పాలసముద్రమువలె ఘూర్ణిల్లెను. "వండి ఎత్తప్పా, బండి తియ్యి" అని కొందఱు, "తలనొప్పా, కడుపునొప్పా" అని కొందఱు, "టిక్కెట్టు తిరిగి ఇయ్యి" అని కొందఱు ఆర్చిరి. వారికెల్ల సేనాధిపత్యము వహించినది ఎట్టయాపురపు వృద్ధ పట్టమ్మాళ్. సాత్తూరులో ఆమె మనుమరాలిని చూడ పెండ్లికొడుకువారు ఆ దినమే వచ్చుచుండిరి. మురుకుల బుట్ట చంకనిడుకొని, ఆమె అరవమున తిట్లు మొదలిడి, చెల్లసామి "అయ్యో అవ్వా" అని తెలుగున మూలుగగా విని, ఓహో మనవాడేనా యని చనువు హెచ్చి, మిగిలినవి తెలుగున తిట్టెను.

"ఏమిరా, ఇది నీ అత్తవారిల్లా, పగటి పూట కాలు చాచేకి? నేను పోకుంటే ఆ పిల్లకు తల దువ్వేవాళ్ళు లేరు. మా కొడుకు పెండ్లాం, ఆ మరుమగులు, దువ్వితే పిల్ల పేడకుప్ప మాదిరి ఉంటాది. లెయ్యి."

ప్రక్కన అదే మార్గమున పోవు శత్రురథమొకటి నిలిచియుండెను. దాని సారథి మూక్కన్, ఇచటి కలహమును గనుగొని, మా బండి ఎక్కుడని పిలుచునట్లు హారను మ్రోగించెను. ఆ శంఖారావమునకు పరోటా అంగడివాడు రెండు ఇనుపరేకులతో పెనముపై పరోటాలను తునకలు చేయు కొత్తు పరోటా దరువు లంకించుకొనెను. టకటకటక. రణభేరి యన అది.

అంతలో, మిరప మండీకి వచ్చిన బస్సు యజమాని గోపాలసామి, మల్లుపంచె కుచ్చెళ్ళు చేతబట్టి, చెమట తుడుచుకొనుచు, కదలవలసిన తన సొత్తు కదలకుండుట గాంచి అందు ప్రవేశించెను.

"ఏమిరా చెల్లసామీ, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండాది మొదలాళీ. సట్టప్రకారం పడుకోనుండా."

గోపాలసామి నిట్టూర్చి, సభాసదులను సాక్షులుగా గైకొని, చేయెత్తి యిట్లు ఉపన్యసించెను: "ఇదిగో, అందరూ వినండి. మా నాయన ఎద్దులబండి తోలినాడు. ఎద్దులే నిద్రపోకుండా నడిచినాయి. రైల్వే గేటు దగ్గర నిలిచేది రెస్టు. డీజిలు పోసేటప్పుడు నిలిచేది రెస్టు. మేకలు అడ్డం వస్తే నిలిచేది రెస్టు. అన్నీ కూడితే రోజుకు ఎంత రెస్టు. ఆ సట్టం గోడకురా నాయనా, వండికి కాదు."

మేకలన్న మాటకు చెల్లసామి తువాలు అంచును గట్టిగా పట్టెను. ఆతడు తల యెత్తకయే, తువాలులోనికి, మెల్లగా ననెను: "వండి నిలిస్తే వండికి రెస్టు, మొదలాళీ. నాకు కాదు."

గోపాలసామి తాళంచెవికై ఆతని ఎదక్రిందికి చేయి దూర్చెను. చెల్లసామి మఱింత బరువయ్యెను. ఇటు లాగుడు, అటు ఒత్తుడు; తువాలు నలిగెను, సీటు కిఱ్ఱుమనెను. ఆ ద్వంద్వయుద్ధమును చూచి తాళలేని జెబకుమార్, మిత్రుని కాచునట్టి ఆవేశమున నోరు జాఱి పలికెను: "విడండి మొదలాళీ. నిన్న ఈయన తోలతా తోలతానే నిద్రపోయినాడు. మేకలు కాదు, ఏమీ కాదు. రోడ్డు దిగింది దానికే."



పట్టమ్మాళ్ మురుకుల బుట్ట క్రింద పెట్టెను. "నిజమారా?"

చెల్లసామి లేచి కూర్చుండెను. ఉద్యోగము పోయినదనియే ఎంచెను. అయినను ఆ క్షణమున, మెడను పట్టియున్నదేదో కొంత సడలినట్లు తోచెను. "నిజమే అవ్వా. కన్ను మూసింది తెలీలేదు. తెరిచిందే తెలుసు. వెనక ఒక బిడ్డ ఉండె."

అంతట సేన చెదరెను. "దిగండి, దిగండి" అనుచు జనులు మూటలతో మూక్కన్ రథమునకై ఉరికిరి. ముందుగా చేరినది పట్టమ్మాళే. ఆమె మెట్టుపై కాలిడి, అనుభవశాలి గావున, ఒక ప్రశ్న వేసెను: "నాయనా, నువ్వు ఎప్పటినుంచి తోలతాండావు?"

మూక్కన్ ఆమె వైపు తిరిగెను. ఆతని కన్నులు పండుమిరపలవలె నుండెను. "నిన్నటినుంచి, పాటీ," అని, ఆవులించెను.

ఆ ఆవులింత యొక గుహవలె తెఱచుకొని, ఎంతకును మూసికొనలేదు. పట్టమ్మాళ్ మెట్టుపైనుండి కాలు వెనుకకు తీసెను. ఆమె వెంట సేన యంతయు మరలెను. ఎక్కిన బస్సునే మరల ఎక్కి, దిగిన సీటులోనే మరల కూర్చుండి, ముక్తకంఠమున చెల్లసామికి ఆజ్ఞ యొసంగిరి: "పడుకో."

ఇచట యుద్ధము ముగిసెనని తలంతురేమో. అసలు శత్రువు ఇపుడు వచ్చెను. ఈ మారు వెల్లకిల పడుకొన్న చెల్లసామికి నిద్ర రాలేదు.

చక్రము పట్టినంతసేపు చీమలబారువలె కన్నులలో ప్రాకిన నిద్ర, పిలిచిన వెంటనే మాయమయ్యెను. బస్సెడు జనము ఊపిరి బిగబట్టి ఆతని మొగమునే చూచుచుండిరి. కొత్తు పరోటా దరువు ఆతని కపాలముపైననే పడుచున్నట్లుండెను. పట్టమ్మాళ్ గోపాలసామి వైపు తిరిగి, "నువ్వే కదా యజమాని? పో, ఆ టకటక నిలిపించు," అనెను. నాలుగు బస్సుల ఏలిక, నల్లరేగడి క్షేత్రాధిపతి, పదిమందిలో ఎదురాడలేక, పంచె ఎగగట్టి, పరోటా మాస్టరును బతిమాలుటకు వెడలెను. దరువు ఆగెను.

పిమ్మట ఆ వృద్ధ జోల యెత్తుకొనెను. ఏ పదమో ఎవ్వరికి తెలియదు. తెలుగున మొదలై అరవమున ముగియుచు, మరల తెలుగునకు వచ్చుచుండెను. ఆ జోలకు మూడవ సీటులోని గడ్డపాయన నిద్రపోయెను. వెనుక సీటు కుఱ్ఱకారు ఒకరిపై నొకరొఱిగిరి. టిక్కెట్ల సంచి కౌగిలించుకొని జెబకుమార్ గుఱక పెట్టెను. పాడు వృద్ధ గాక మేలుకొనియున్నవాడు చెల్లసామి యొక్కడే.

"అవ్వా," అనెను మెల్లగా, "నీకు నేరమైపోతాండాది, పొద్దు మీరిపోతాండాది. ఆ పిల్లను చూసేవాళ్ళు వచ్చేసుంటారు."

పట్టమ్మాళ్ పాట ఆపెను. "వస్తే కాచుకోనీ. పిల్లే కదా, బస్సా, తప్పిపొయ్యేకి? తలకాయ మా మరుమగులే దువ్వనీలే. రేపు ఆ ఇంట్లో అట్లానే కదా ఉండబోతాది." ఆమె కొంగు తీసి ఆతని కన్నులపై ఎండ పడకుండ కప్పెను. "నన్ను నేరానికి చేర్చాల్సిన పని లేదు నాయనా. చేర్చితే చాలు."

ఆ మాట వినుచు వినుచునే, వీరుడు పడిపోయెను.

గోపాలసామి తిరిగి వచ్చి చూచునప్పటికి బస్సంతయు నిద్రాసముద్రము. అరగంట కావచ్చెను. లేపుటకై ఆతడు డ్రైవరు భుజముపై చేయి వేయబోయెను. వేయలేదు. ఏల వేయలేదో తనకే తెలియక, మెట్టుపై కూర్చుండి, విసనకఱ్ఱ లేనందున మిరప ధరల కాగితముతో విసరుకొనసాగెను. విసరిన గాలి కొంత వెనుకకును పోవుచుండెను.

చెల్లసామి తనంత తానే లేచెను. మొగము కడిగికొని, తాళంచెవి పెట్టి త్రిప్పెను. చట్టము అరగంట ఇచ్చినను, అందు నిద్రకు దక్కినది టీ చల్లారునంత సేపే. అయినను ఓ ప్రయాణిక శ్రేష్ఠులారా, ఆ దినమున, ఆ మండు మధ్యాహ్నమున, ఆ మార్గమున తిరిగిన సారథులందఱిలో, పట్టపగలు, బండి నిలిపి, యజమాని చూచుచుండగా, చట్టబద్ధముగా కునుకు తీసిన ప్రథమ పురుషుడు చెల్లసామియే. విజయమనగా అది.

బస్సు కదలి మలుపు తిరుగుచుండ, ప్రక్కన మూక్కన్ రథము ఇంకను నిలిచియే యుండెను. ఆతడు చక్రముపై తల వాల్చి, నోరు తెరచి నిద్రించుచుండెను. వెనుక ఆతని ప్రయాణికులు కేకలు వేయుచుండిరి. చెల్లసామి బస్సునకు అడ్డముగా ఒక సైకిలువాడు నిలిచియుండెను. చెల్లసామి చేయి హారనువైపు పోయెను. వెనుకకు వచ్చెను. ఆతడు కిటికీనుండి తల వెలుపల పెట్టి, సైకిలువానితో మెల్లగా, "కొంచెం జరుగన్నా," అనెను.